నవ్వు ఆపుకోకండి

నవ్వు నాలుగు విధాల చేటని పెద్దవాళ్లనేవారు. అదేమోగానీ, కడుపారా నవ్వితే ఊపిరి బాగా ఆడి, బిగుసుకున్న కండరాలు వదులవుతాయి. ముంబైలో డాక్టర్ మదన్ కటారియా 1995లో పార్కులో అయిదుగురితో నవ్వుల క్లబ్ పెట్టారు. కొన్నాళ్లకి జోకులైపోతే ఊరికే నవ్వడం మొదలెట్టారట! నవ్వుతున్నాం కదా అని బి.పి. మాత్రలు మానేయకండేం.

సరే, ఆడవాళ్లం పైకి చెప్పుకోని సంగతొకటుంది. కాన్పులయ్యాక చాలామందికి గట్టిగా నవ్వినా, తుమ్మినా చుక్క మూత్రం పడుతుంది. ఆ భయానికి పెళ్లిళ్లలో, పేరంటాల్లో నవ్వొచ్చినా పెదవులు బిగించుక్కూర్చుంటారు. నన్నడిగితే ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. దీనికో తేలిక వ్యాయామం ఉంది. మూత్రం ఆపుకోడానికి బిగిస్తాం చూడండి, ఆ కండరాల్ని పైకి లాగినట్టు బిగించి, అయిదు అంకెలు లెక్కపెట్టి వదలండి. మళ్లీ అయిదు అంకెలు ఆగండి. పొట్ట బిగించకూడదు, ఊపిరి బిగబట్టకూడదు. ఇలా పదిసార్లు, రోజుకి మూడు పూటలా చెయ్యాలి. కుక్కర్ విజిల్ కోసం ఎదురుచూస్తూ కూడా చేసుకోవచ్చు, పక్కనున్నవాళ్లకి తెలియనైనా తెలియదు. మూత్రానికి వెళ్లినప్పుడు మాత్రం చెయ్యకండి.

వారంలో తగ్గేది కాదిది. మూడు నెలలు విడవకుండా చేస్తే చాలామందికి గుణం కనిపిస్తుంది. అప్పటికీ తగ్గకపోయినా, మంట, నొప్పి ఉన్నా లేడీ డాక్టరుకి చూపించుకోండి.