కూలరును ఆపితే చాలదు, మూసిపెట్టాలి



వేసవి అంతా మన ఇండ్లలోనూ ప్రార్థనా మందిరాలలోనూ చల్లగాలినిచ్చిన కూలరును, తొలకరి పడగానే స్విచ్చి ఆపి మరచిపోతాము. తొట్టిలో నీళ్లు అలాగే ఉంటాయి. కిటికీలో దానికోసం తీసిన కంత అలాగే ఉంటుంది. మళ్లీ మార్చి నెలలో గాని దాని వంక చూడము. దోమ, తుప్పు, కరెంటు దెబ్బ – ఈ మూడు అపాయాలూ ఆ మధ్య నెలలలోనే సిద్ధమవుతాయి. కాబట్టి ఈ నెల కూలరును ఎలా మూసిపెట్టాలో, ఎప్పుడు మార్చాలో చూద్దాం.

మట్టికుండలో నీరు చల్లబడే తీరే కూలరు పనిచేసే తీరు. తడిగడ్డిలోని నీరు ఆవిరవుతూ గాలిలోని వేడిని లాగుకొంటుంది. గాలి పొడిగా ఉంటేనే ఇది జరుగుతుంది. అందుకే తెలంగాణ, రాయలసీమ ఎండలలో కూలరు బాగా పనిచేస్తుంది. సముద్రతీరపు ఉక్కలోనూ, వానాకాలంలో ఎక్కడైనా, అంతగా పనిచేయదు. వానలు పడ్డాక దానిలో నీళ్లు ఉంచి లాభం లేదు.

ముందు ప్లగ్గు పీకి, ఆ తరువాతనే తొట్టిని ముట్టుకోండి. నీళ్లు పారబోస్తే పని అయిపోయిందనుకోకండి. డెంగ్యూ జ్వరం తెచ్చే ఏడిస్ దోమ నీటి అంచుకు కాస్త పైన, తొట్టి గోడకు అంటుకొనేలా గుడ్లు పెడుతుంది. తొట్టి ఎండిపోయినా ఆ గుడ్లు నెలల తరబడి చావవు. నీరు తగిలితే పొదుగుతాయి. వారం పది రోజులలో దోమలై ఎగురుతాయి. కనుక గోడలను కొబ్బరిపీచుతో గట్టిగా రుద్ది, కడిగి, ఎండలో బాగా ఆరనివ్వాలి. పాత గడ్డిని తీసి పారవేయండి. వచ్చే వేసవికి కొత్తది వేసుకోవచ్చు. కూలరు వాడే రోజులలో కూడా వారానికి ఒకసారి తొట్టి ఖాళీ చేసి రుద్దాలి. ఆరోగ్య సిబ్బంది శుక్రవారం డ్రై డే అని చెప్పేది ఇందుకే.

కొన్ని పెద్ద మందిరాలకు మిద్దె మీద కూలరు పెట్టి, రేకు గొట్టం ద్వారా గాలిని లోపలికి పంపుతారు. ఆ గొట్టం తెరచి ఉంటే వాననీరు, ఎలుకలు, పావురాలు లోపలికి వస్తాయి. హాలులోని గొట్టం మూతికి కొలత ప్రకారం ప్లైవుడ్డు గాని రేకు గాని బిగించి, సందులు మూయండి. పైన కూలరుకు టార్పాలిన్ కప్పి తాడుతో కట్టండి. అయితే కింద కొంత ఖాళీ వదలాలి. లేకపోతే లోపలి చెమ్మ పోక ఇనుము తుప్పు పడుతుంది. "గొట్టం మూసి ఉంది" అని స్విచ్చి దగ్గర కాగితం అంటించండి. సిమెంటు రేకుల కప్పు మీద మాత్రం ఎవరినీ నడవనివ్వకండి. రేకు పగిలితే మనిషి నేరుగా కిందపడతాడు.

ఇంటి కిటికీ కంతను కూడా చలికాలానికి ముందే మూయండి. ఆదిలాబాద్ వైపు చలికి రాత్రంతా ఆ కంతలోనుండి వచ్చే గాలి వృద్ధులకూ పసిపిల్లలకూ మంచిది కాదు. కాని ఒక హెచ్చరిక! అన్నీ మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకొని నిద్రపోవద్దు. దాని నుండి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

ఇక మార్చవలసింది ఎప్పుడు? తొట్టి అడుగు తుప్పుపట్టి నీరు కారుతుంటే, వైర్ల తొడుగు పెళుసుబారితే, ఇక అతుకులు వేయించవద్దు. "ముట్టుకుంటే కాస్త జివ్వుమంటుంది, అంతే" అని కొందరు తేలికగా అంటారు. అది చిన్న సంగతి కాదు, ముందు హెచ్చరిక. తడినేల మీద వట్టికాళ్లతో నిలిచిన పసివాడికి అదే ప్రాణాంతకం కావచ్చు. ఆ కూలరును ఆ క్షణమే ఆపి ఎలక్ట్రీషియన్‌కు చూపించండి.

కొత్త కూలరు కొన్నా, ఇంటికి ఎర్తు లేకపోతే అపాయం పోలేదు. మూడు పిన్నుల ప్లగ్గే వాడాలి. ఎర్తు రంధ్రానికి న్యూట్రల్ వైరు కలిపి సరిపెట్టే పద్ధతి మరీ ప్రమాదం. ఆ న్యూట్రల్ తెగితే కూలరు ఒంటికే కరెంటు వస్తుంది. ఎర్తు సరిచేయించి, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించుకోండి. కరెంటు నేలకు దారితీసిన వెంటనే అది సరఫరాను ఆపుతుంది. నీళ్లు పోసేముందు ప్లగ్గు తీయడం ఇంటిల్లిపాదికీ అలవాటు చేయండి.

మూసిపెట్టిన రోజున, ఏమేమి బాగుచేయించాలో ఒక చీటీ మీద రాసి కూలరుకు కట్టండి. వచ్చే వేసవిలో ఎండ మండిపోతుంటే, చీటీ చూడకుండా ఎవరూ తొందరపడి స్విచ్చి వేయకూడదు.