చుక్కాని లేని విమానము

సికిందరాబాదు మారేడుపల్లి నుండి యొక సోదరి మాకు లేఖ వ్రాసినది. పదునాలుగేండ్ల యామె కుమార్తె థర్మోకోలు పలకలతో రెండు మోటారుల చిన్న విమానమును కట్టుచున్నదట. దానికి చుక్కాని లేదు. తోకయందు కదలు భాగమేదియు లేదు. చేతనుండు రేడియో పెట్టెతో రెండు మోటారుల వేగములను హెచ్చించి తగ్గించియే దానిని త్రిప్పెదనని యా బాలిక చెప్పుచున్నది. ఇంటిలోని పెద్దలు మాత్రము, చుక్కాని లేక విమాన మెట్లు తిరుగును, ఆడపిల్ల కీ యాట యేల, డబ్బు దండుగ యని మందలించుచున్నారట. ఇందు సత్యమెంత యని సోదరి ప్రశ్న. ఇట్టి ప్రశ్నలు ఈ శీర్షికకు వచ్చుట మాకు మిక్కిలి సంతోషము.

మొదటి సందేహమునకు సమాధానము మన పొలములలోనే యున్నది. కాడికి కట్టిన యెడ్ల జతను చూడుడు. చాలు ముగిసి గట్టు దగ్గరకు వచ్చినపుడు, నాగలిని ఎడమకు త్రిప్పదలచిన రైతు దాపటి యెద్దును పగ్గము బిగించి నిలుపును, వలపటి యెద్దును అదలించును. దాపటిది ఉన్నచోటనే యడుగులు మార్చుకొనుచుండగా వలపటిది దానిచుట్టు తిరిగి వచ్చును. రెండెడ్ల నడకలోని భేదమే అక్కడ చుక్కాని. నడువలేని వృద్ధులు కూర్చుండు చక్రముల కుర్చీ యింట నున్న వారికి ఇది మఱింత తెలిసిన సంగతి. కుడిచక్రమును హెచ్చుగా త్రోసిన కుర్చీ ఎడమకు తిరుగును. విద్యుచ్ఛక్తితో నడచు కుర్చీలలో ననేకమునందు రెండు చక్రములకు రెండు మోటారులుండి ఈ పనినే చేయుచుండును.

విమానమునందును ఇంతే. ఎడమ రెక్కమీద నొకటి, కుడి రెక్కమీద నొకటి మోటారులుండును. రెండును సమానముగా లాగినపుడు విమానము తిన్నగా పోవును. కుడిదానిని హెచ్చించి ఎడమదానిని తగ్గించిన ముక్కు ఎడమకు మరలును. అట్లు మరలునపుడు వెలుపలివైపున నున్న కుడిరెక్క గాలిలో హెచ్చు వేగముతో పోవును గనుక, దానిని పైకెత్తు బలము హెచ్చి రెక్క లేచును. విమానము ఎడమకు ఒరిగి గ్రద్దవలె వంపు తిరుగును. ఇందులకే యిట్టి విమానములకు రెక్కల కొనలు మొదళ్లకంటె కొంచెము ఎత్తుగా నుండునట్లు అమర్చుదురు. రెక్కలు బల్లపరుపుగా నున్నచో ముక్కు తిరుగును గాని ఒరుగుట చాలక విమానము ప్రక్కకు జారును. మన సోదరి యీ యొక్క విషయము కుమార్తె నడిగి చూడవలెను.

పెట్టెమీది మీటలలో నొకటి మొత్తము బలమునకు, మఱియొకటి త్రిప్పుటకు. త్రిప్పు మీటను కదల్చినపుడు లోపలి యంత్రము మొత్తము బలమునకు కొంత కూడి యొక మోటారునకును, అంతయే తీసివేసి రెండవదానికిని పంపును. ఇంటిఖర్చు వ్రాసుకొను వారి కిది కూడికయు తీసివేతయు మాత్రమే. అయితే ఇందొక చిక్కు కలదు. మొత్తము బలము నూటికి నూరుపాళ్లు వాడుచున్నపుడు కూడుటకు చోటుండదు. ఒక మోటారు తగ్గును గాని రెండవది హెచ్చలేదు. త్రిప్పు శక్తి సగమగును. కావున డెబ్బదిపాళ్ల వద్ద నుంచుకొనుట మేలు.

అడుగుననున్న చిక్కు ఇంతకంటె పెద్దది. చుక్కాని గల విమానమునకు మోటారు ఆగినను, గాలి తగులుచున్నంతవరకు చుక్కాని పనిచేయును. ఈ విమానమునకు మోటారులు ఆగుటయు చుక్కాని పోవుటయు నొక్కటియే. క్రొత్తగా నేర్చువారు, విమానము చెట్టువైపునకు పోవగానే భయపడి మీటను పూర్తిగా మూసివేయుదురు. దానితో చెట్టును తప్పించు నుపాయము కూడ చేజారును. అప్పుడు సగము బలముంచి త్రిప్పవలెను. రెండు మోటారులలో నొకటి తనంతట చెడి నిలిచినపుడు మాత్రము రెండవదానిని వెంటనే తగ్గించి, గాలిలో తేలుచు దిగనీయవలెను. లేకున్న బ్రదికియున్న మోటారు విమానమును గిరగిర త్రిప్పి నేలకు కొట్టును.

మఱియొక సంగతి. మీట కదల్చిన వెంటనే విమానము తిరుగదు. మోటారు వేగము మారవలెను, ముక్కు మరలవలెను, పిదప రెక్క లేవవలెను. పాలు పొంగునపుడు మంట తగ్గించినను పొంగు తత్‌క్షణమే యణగదు గదా! అంచువరకు వచ్చుదాక చూచుచు నూరకున్న గృహిణి పొయ్యి తుడుచుకొనవలసినదే. ముందుగా కొంచెము త్రిప్పి, తిరుగుట పూర్తి గాకమునుపే మీటను విడుచుట యలవాటు కావలెను. ఇది చేతికి వచ్చుటకు దినములు పట్టును. ఒక్క దుకాణమున నొక్కనాడు కొన్న రెండు మోటారులైనను సరిసమానముగా తిరుగవు గనుక, పెట్టెపై నా భేదమును ముందు సవరించుకొనవలెను.

ఇక, ఆడపిల్ల కేల యనుమాట. సికిందరాబాదు వారే యిట్లనుట మాకు వింతగా నున్నది. ఊరి ప్రక్కనే యున్న బేగంపేట విమానాశ్రయమున 1945లో దక్కన్ ఎయిర్‌వేస్ అను సంస్థ వెలసెను. దాని డకోటా విమానములకు రెండేసి యింజనులు. ఒక్కొక్కటి సుమారు 1200 గుఱ్ఱముల బలము గలది. ఆకాశమున వానికి పెద్ద చుక్కాని యున్నను, నేలమీద నడుపునపుడు చోదకులు ఒక యింజనును హెచ్చించి మఱియొకదానిని తగ్గించి మలుపు తీసికొనెడివారు. ఆ బాలిక చేయబూనిన పని యదియే. ఆ సంస్థయందే ప్రేమ్ మాథుర్ అను యువతి సహచోదకురాలుగా చేరెను. ఆమె 1947లో యోగ్యతాపత్రము పొంది, అనేక సంస్థలు కాదన్న పిదప ఇచ్చట కొలువు సంపాదించెను. 1949లో జాతీయ విమానపందెమున గెలిచెను. విమానముపై పూర్తి యధికారము మాత్రము ఆమెకు దక్కన్ ఎయిర్‌వేస్ ఈయలేదు. ఆమె యా కొలువు విడిచి, 1953లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో చేరెను. ఆ యేటనే దక్కన్ ఎయిర్‌వేస్ కూడ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయినది.

ఇది యాట మాత్రమే యనుకొనువారికి ఇంకొకమాట. 1989 జూలై 19న అమెరికాలో యునైటెడ్ వారి పెద్ద విమానమొకటి ఆకాశమున నుండగా దాని తోకయందలి యింజను బ్రద్దలై, ముక్కలు తగిలి చుక్కానిని, రెక్కల పలకలను కదల్చు ద్రవము యావత్తు కారిపోయినది. అందు 296 మంది యుండిరి. ప్రయాణికుడుగా వచ్చిన డెన్నిస్ ఫిచ్ అను శిక్షకుడు లోనికి పోయి, చోదకుల నడుమ నుండి, మిగిలిన రెండింజనుల మీటలను హెచ్చించుచు తగ్గించుచు విమానమును సూసిటీ వరకు రాగలుగునట్లు చేసెను. దిగునపుడు విమానము విరిగి మంటలపాలయ్యెను. 112 మంది మరణించిరి, 184 మంది బ్రదికిరి. 2003 నవంబరు 22న బాగ్దాదులో క్షిపణి తగిలిన సరకుల విమానమును ముగ్గురు సిబ్బంది ఇంజనుల బలముతోనే త్రిప్పుకొని వచ్చి, క్షేమముగా దించిరి. కనుక, బాలిక లెక్క తప్పు కాదు.

అయినను ఆమె మేడమీదికెక్కి విమానమును వదలుటకు మేము సమ్మతింపము. ప్రయాణికుల విమానములు 2008 మార్చిలో శంషాబాదునకు తరలినను, బేగంపేటయందును హకీంపేటయందును వాయుసేన కున్నవి. ఊరిలో దండు ప్రదేశమును కలదు. 2021 నాటి డ్రోను నిబంధనల ననుసరించి, నిషిద్ధమండలములలో ప్రభుత్వపు టనుమతి లేక యేదియు నెగురవేయరాదు. ఏ చోటు ఏ మండలములో నున్నదో ప్రభుత్వపు పటమున చూచిన పిదపనే మైదానమునకు పోవలెను. సంక్రాంతి రోజులలో గాలిపటముల మాంజా సంగతి వేఱుగ చెప్పనక్కఱలేదు.

అంతవరకు మా సలహా పడవ. అవే మోటారులను, అదే రేడియో పెట్టెను థర్మోకోలు పలకమీద నిరుప్రక్కల అమర్చిన చుక్కాని లేని పడవ యగును. నీళ్ల తొట్టియే చాలును. మోటారులను దూరముగా నుంచిన సులభముగా తిరుగును, దగ్గరగా నుంచిన మందముగా తిరుగును. తలుపును గొళ్లెమువద్ద త్రోయుటకును బందువద్ద త్రోయుటకును గల భేదమే యిది. పడవ గోడకు తగిలినను పోవున దేమియు లేదు.

బల్లమీద పరీక్షించునపుడు పంకాలను ఊడదీసి యుంచవలెను. జడ, పైటచెంగు, దుపట్టా, పసివారి వ్రేళ్లు వానికి దగ్గర కారాదు. లిథియము బ్యాటరీని దానికి తగిన ఛార్జరుతోనే, రాతి గచ్చుమీద, మనుష్యులు మేలుకొనియుండి చూచుచుండగా నింపవలెను. రాత్రి తగిలించి నిద్రపోరాదు. ఉబ్బినదానిని మరల వాడరాదు. రెక్కల నెంత యెత్తునకు వంచవలెనో కొలతలతో వచ్చే మాసము వ్రాయుదుము.