చెక్కమీద మాగిన పండు

భవానీపూర్‌లోని జదుబాబు బజారులో ఋతువు మారిన సంగతిని పంచాంగం కంటె ముందు పండ్ల బుట్టలే చెబుతాయి. గ్రీష్మంలో మామిడి, శీతకాలంలో కమలాపండు. సంక్రాంతి రేగుపండు నెరిగిన తెలుగువారికి ఇది కొత్త కాదు. అయితే పండు నాలుగు రోజుల ముచ్చట. ఆ నాలుగు రోజులను ఏళ్ల తరబడి నిలిపిన విద్య జపాను చెక్కఅచ్చు చిత్రానిది.

జపానులో పెర్సిమన్ పండు శరత్తుకు గుర్తు. ఛాయాచిత్రాలు, యంత్రపు అచ్చులు వచ్చాక అక్కడి పాత చెక్కఅచ్చు విద్య క్షీణించింది. ఇరవయ్యో శతాబ్దంలో దానికి మళ్లీ ఊపిరి పోసినవారిలో ప్రముఖుడు టోక్యో ప్రచురణకర్త వతనాబె షోజబురో (1885–1962). ఆయన ప్రచురించిన ఒహారా కోసోన్ (1877–1945) చిత్రాలలో దానిమ్మ కొమ్మపై వాలిన తెల్ల కాకటూ చిలుక సుప్రసిద్ధం.

ఇది ఒక్క చేతి పని కాదు. చిత్రకారుడు గీస్తాడు. మరొకడు చెర్రీ పలకమీద చెక్కుతాడు. ఇంకొకడు రంగు రంగుకూ పలక మార్చి, కోజో నారతో చేసిన కాగితాన్ని దానిపై పరచి, వెదురు పొర చుట్టిన ‘బారెన్’ బిళ్లతో వెనుకనుంచి రుద్దుతాడు. పండు చెక్కిలిపై ఎరుపు మెల్లగా పసుపులో కలిసిపోయే ఆ సొగసు అతని చేతి చలవే.

సేకరించదలచినవారు మొదట విచారించవలసింది, అది ఎప్పటి అచ్చు అని. 1923 సెప్టెంబరు 1నాటి భూకంపం, దానివెంట చెలరేగిన మంటలు వతనాబె దుకాణాన్నీ పలకలనూ బూడిద చేశాయి. అందుచేత అంతకు ముందరి ప్రతులు అరుదు. ఒకే బొమ్మను తరువాతి కాలంలో మళ్లీ అచ్చువేయడమూ కద్దు. అంచున ఉండే ప్రచురణకర్త ముద్ర కాలనిర్ణయానికి తోడ్పడుతుంది. పటం కట్టించే తొందరలో అంచులు కత్తిరిస్తే సాక్ష్యాన్ని కత్తిరించినట్లే.

కలకత్తా వానాకాలం కాగితానికి గడ్డుకాలం. తేమకు బూజు పడుతుంది, వెండిపురుగు చేరుతుంది. ఎండ తగిలితే రంగు వెలుస్తుంది. ఆమ్లం లేని అట్టల నడుమ, గోడకు దూరంగా, పొడిచోట దాచాలి. జిగురు తగలనీయరాదు.

భవానీపూర్ పక్కనే కాళీఘాట్. అక్కడి పటువాలు యాత్రికులకు చవకగా అమ్మిన బొమ్మలు, అంతకంటె చవకైన అచ్చుబొమ్మల ధాటికి నిలువలేక ఇరవయ్యో శతాబ్దపు తొలినాళ్లకు వెనుకబడ్డాయి. గోడలకు అంటించినవి చీకిపోయాయి. లాక్‌వుడ్ కిప్లింగ్ కొని దాచినవి మాత్రం, 1917లో ఆయన కుమారుడు రడ్యార్డ్ ఇచ్చివేయగా, లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో భద్రంగా ఉన్నాయి.

జపాను పండైనా, కాళీఘాట్ పటమైనా, మిగిలేది ఎవరో ఒకరు పెట్టెలో జాగ్రత్తగా దాచినందువల్లనే.