పూర్వీకుల పుస్తకం ఏ ఊళ్లో పెట్టాలి?

ఈ నెల పాఠం కొంచెం కొత్తది. నెమ్మదిగా, ఒక్కో పేరా రెండుసార్లు చదవండి.

ఒక పని తలపెట్టామనుకోండి. యాంగూన్, డర్బన్, పోర్ట్ లూయీ, సువా ఊళ్లలో ఉన్న తెలుగు కుటుంబాలు అన్నీ కలిసి ఒకే పూర్వీకుల పుస్తకం రాసుకోవాలి. ఫోన్‌లో యాప్ తెరిచి ఎవరైనా తమ ముత్తాత పేరు, ఊరు చేర్చవచ్చు. మిగతావాళ్లు చూడవచ్చు. యాప్ తయారు చేసే పిల్లలు మొదట అడిగే ప్రశ్న ఇది: "ఏ క్లౌడ్ డేటాబేస్ తీసుకుందాం?" ఈ ప్రశ్నను వాళ్లకే వదిలేయకండి. సగం జవాబు మనమే చెప్పాలి.

డేటాబేస్ అంటే గళ్లు గీసిన పెద్ద చిట్టా. మన వాళ్లకు ఇది పాత సంగతే. 1860లో 'ట్రూరో' ఓడ మద్రాసు నుంచి డర్బన్ చేరింది. అప్పటి నుంచి 1911 వరకు నేటాల్‌కు వెళ్లిన లక్షా 52 వేల మందిని గుమాస్తాలు చిట్టాల్లో రాశారు. ఒక్కొక్కరికి ఒక నంబరు. పక్కన పేరు, తండ్రి పేరు, వయసు, జిల్లా, ఊరు. గుమాస్తాకు తెలుగు రాకపోతే ఊరి పేరు వంకర పోయేది. ఈ రోజు మనవళ్లు ఆ వంకర పేర్లు పట్టుకునే ఊళ్లు వెతుకుతున్నారు.

క్లౌడ్ అంటే మబ్బు. కానీ చిట్టా మబ్బులో ఉండదు. ఏదో ఒక ఊళ్లో, ఒక పెద్ద భవనంలో, కంప్యూటర్లలో ఉంటుంది. అమెజాన్ కంపెనీకి అలాంటి భవనాలు సింగపూర్, ముంబయి, సిడ్నీ, కేప్ టౌన్‌లలో ఉన్నాయి. 2022 నుంచి హైదరాబాద్‌లో కూడా ఉన్నాయి. యాంగూన్‌లో లేవు. కాబట్టి మొదటి ప్రశ్న: మన చిట్టా ఏ ఊళ్లో ఉండాలి?

దూరం లెక్క చూడండి. గాజు తీగలో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. యాంగూన్ నుంచి సింగపూర్ 1,900 కిలోమీటర్లు. పోయి రావడానికి 19 మిల్లీసెకన్లు చాలు. సువా నుంచి డర్బన్ 13 వేల కిలోమీటర్లకు పైనే. పోయి రావడానికి కనీసం 130 మిల్లీసెకన్లు. తీగలు తిన్నగా పోవు కాబట్టి నిజంగా పట్టే సమయం ఇంకా ఎక్కువ. ఎంత డబ్బు పోసినా వెలుగు వేగం పెరగదు. అందుకే చిట్టాకు నకళ్లు తీసి, ఒక్కో నకలు ఒక్కో ఊళ్లో పెడతారు.

నకలు ఉండటానికి ఇంకో కారణం మనకు బాగా తెలుసు. 1942లో యుద్ధం వచ్చినప్పుడు బర్మా నుంచి లక్షల మంది భారతీయులు వెళ్లిపోయారు. చాలామంది కొండదారుల్లో నడిచే పోయారు. చేతికి అందినది తీసుకుపోయారు. ఇంట్లో ఒక్కచోటే ఉన్న కాగితం పోతే పోయినట్టే.

కానీ నకళ్లు పెరిగితే ఒక చిక్కు వస్తుంది. సముద్రం కింద తీగ తెగిందనుకోండి. ఆ సమయంలో డర్బన్‌లో ఒకరు అప్పలస్వామి తాత ఊరు "పాలకొండ" అని రాశారు. యాంగూన్‌లో ఒకరు అదే తాతకు "పాలకొల్లు" అని రాశారు. ఏది నిజం? 2000లో ఎరిక్ బ్రూయర్ అనే శాస్త్రవేత్త ఒక మాట చెప్పాడు. 2002లో ఇద్దరు దాన్ని గణితంతో నిరూపించారు. తీగ తెగినప్పుడు రెండిట్లో ఒకటే దక్కుతుంది. అందరికీ ఒకే మాట కనిపించాలంటే కొందరిని రాయనివ్వకుండా ఆపాలి. అందరూ రాయాలంటే కొంతసేపు మాటలు వేరుగా ఉండక తప్పదు.

గూగుల్ వారి స్పానర్ మొదటి దారిది. అణు గడియారాలు పెట్టుకుని నకళ్లన్నిటినీ ఒక్క మాట మీద నిలుపుతుంది. కల్యాణ మండపం బుకింగ్‌కు అలాంటిది కావాలి. ఒకే ముహూర్తానికి ఇద్దరికి మండపం ఇవ్వకూడదు కదా! అమెజాన్ డైనమోడీబీ నకళ్లు సాధారణంగా రెండో దారిలో పోతాయి. అక్కడ చివర రాసినదే నిలుస్తుంది. అంటే పాలకొండ చప్పుడు లేకుండా చెరిగిపోవచ్చు. గుమాస్తా ఒకసారి వంకర చేసిన ఊరి పేరును మనం రెండోసారి పోగొట్టినట్టే.

కౌచ్‌డీబీ అనే ఇంకో డేటాబేస్ ఉంది. అదీ రెండో దారిదే. కానీ రెండు రాతలనూ దాచి ఉంచుతుంది. పైకి ఒకటే చూపిస్తుంది. రెండోదాన్ని కూడా బయటికి తీసి చూపించమని యాప్ రాసే పిల్లలకు మనం చెప్పాలి. అప్పుడు పెద్దవాళ్లు కూర్చుని తేల్చుకుంటారు. ఇందులో ఇంకో మేలు ఉంది. దీనితో కలిసి పనిచేసే చిన్న చిట్టాను ఫోన్‌లోనే ఉంచుకోవచ్చు. నెట్ లేకపోయినా రాయవచ్చు. నెట్ వచ్చాక అదే కలుపుకుంటుంది. 2021లో యాంగూన్‌లో వారాల తరబడి రాత్రి 1 గంట నుంచి ఉదయం 9 వరకు నెట్ ఉండేది కాదు. కరెంటు సంగతి మీకు చెప్పనక్కర్లేదు. మన పుస్తకానికి నేను ఈ దారే ఎంచుకుంటాను. ఒక నకలు సింగపూర్‌లో, ఒకటి కేప్ టౌన్‌లో, ఒకటి సిడ్నీలో.

సంతకం పెట్టే ముందు మూడు ప్రశ్నలు అడగండి. బతికి ఉన్నవారి పేర్లు, చిరునామాలు ఏ దేశంలో ఉంటాయి, ఎవరు చూడగలరు? నెల నెలా డబ్బు ఎవరు కడతారు, ఏ దేశం కార్డుతో? రేపు వేరే కంపెనీకి మారితే చిట్టా మొత్తం తీసుకుపోవడానికి ఎంత అడుగుతారు? మూడింటికీ జవాబు కాగితం మీద ఉండాలి.

ఈ నెల ఇంటిపని. యాప్ వచ్చేదాకా ఆగకండి. ఇంట్లో అందరికన్నా పెద్దవారి దగ్గర కూర్చుని ముగ్గురు పూర్వీకుల పేర్లు, వాళ్ల ఊళ్లు తెలుగులో రాయండి. ఊరి పేరు రెండు రకాలుగా వినిపిస్తే రెండూ రాయండి. ఏదీ కొట్టేయకండి. ఒక నకలు వేరే ఊళ్లో ఉన్న చుట్టాలకు పంపండి.