తొలి రంగుతుపాకీ

పెయింట్‌బాల్ ఆట అమెరికాలో ఉద్యోగాలు చేసుకునే మనవారికి ఎక్కువగా ఆఫీసు విహారాల పుణ్యమా అని పరిచయమవుతుంది. అద్దె తుపాకీతో రెండు మూడు సార్లు ఆడి, ఒంటిమీద నాలుగు కమిలిన మచ్చలు సంపాదించుకున్నాక, సొంతానిది ఒకటి ఉంటే బాగుండునన్న కోరిక మొదలవుతుంది. కొన్నేళ్ళుగా ఆడుతున్నవాణ్ణి కనుక ఆ కోరికను నేను తప్పు పట్టను. కాని మొదటి తుపాకీ కొనేటప్పుడు మనం చూసేవి వేరు, చూడవలసినవి వేరు అని నా అభిప్రాయం. వేగమూ ఆర్భాటమూ కాదు, వీలైనంత సాదాతనమే చూడాలి.

ముందు దాని పేరు సంగతి. ఈ ఆటలో పాతకాపులు దాన్ని గన్ అనరు, మార్కర్ అంటారు. అది మర్యాద కోసం తగిలించిన పేరు మాత్రమే కాదు. నెల్‌స్పాట్ 007 అనే పిస్తోలు అడవిలో చెట్లకూ మందలో పశువులకూ దూరం నుంచి రంగుతో గుర్తు వేయడానికి వాడినది. 1981 జూన్ 27న న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలోని హెన్నికర్ దగ్గర పన్నెండుమంది వాటిని పట్టుకుని అడవిలో దిగారు. అదే తొలి ఆట. గెలిచినవాడు రిచీ వైట్ అనే అటవీ పనివాడు. ఒక్క గుళికైనా పేల్చకుండా జెండాలన్నీ చేజిక్కించుకుని బయటపడ్డాడు. తుపాకీ కొంటానని ఎవరు వచ్చినా నేను మొదట చెప్పే కథ ఇది.

కొత్తవారిని ఊరించేది ఎలక్ట్రానిక్ తుపాకీ. మీట మీద వేలు ఆడిస్తే చాలు, సెకనుకు పది గుళికలు పోతాయి. ఒక్కసారి లెక్క వేయండి: పైన బిగించే హాపర్ అనే డబ్బాలో పట్టేవి సుమారు రెండువందల గుళికలు. అంటే ఇరవై సెకన్లలో ఖాళీ. రెండువేల గుళికల పెట్టె కూడా ఆ వేగానికి మూడున్నర నిమిషాలైనా ఆగదు. తుపాకీ ధర ఒకసారి ఇచ్చేది, గుళికల ధర ప్రతి వారాంతమూ ఇచ్చేది. పైగా అందులో బ్యాటరీ, సర్క్యూట్ పలక, సొలెనాయిడ్ ఉంటాయి. ఏది మొరాయించినా ఆ పూట మనం ప్రేక్షకులమే.

నా మటుకు నేను టిప్‌మన్ 98 వంటి మొరటు యాంత్రిక తుపాకీనే మెచ్చుకుంటాను. బరువైనది, అందగత్తె కాదు. కాని లోపల ఉన్నది స్ప్రింగు, సుత్తి, బోల్టు, కవాటం, నాలుగు రబ్బరు వలయాలు. మరలు విప్పి, పగిలిన గుళికల రంగు తుడిచి, అరిగిన వలయం మార్చి, చుక్క నూనె వేసి మళ్ళీ బిగించుకోవచ్చు. మన ఊళ్ళలో సైకిలు విప్పి బిగించిన చేతులకు ఇదొక లెక్కా! సొంతానిదంటే నా దృష్టిలో అదే: లోపల ఏముందో మనకు తెలిసినది.

గాలి సంగతి కూడా చూసుకోవాలి. కార్బన్ డయాక్సైడ్ చవకే. కాని సీసాలోని ద్రవం ఆవిరయ్యేకొద్దీ చల్లబడుతుంది, చలి రోజుల్లో ఒత్తిడి పడిపోతుంది, గుళిక వేగం నిలకడగా ఉండదు. అదనంగా డబ్బు పెట్టదలిస్తే రెగ్యులేటర్ ఉన్న సంపీడిత వాయువు సీసా మీద పెట్టండి. పాతది కొంటే దానిమీద చెక్కిన పరీక్ష తేదీ చదవండి. గడువు దాటిన సీసాలో గాలి నింపకూడదు.

వీటన్నిటికంటే ముందు మాస్కు. మైదానాల్లో సాధారణంగా అనుమతించే వేగం సెకనుకు 280 నుంచి 300 అడుగులు, అంటే గంటకు సుమారు మూడువందల కిలోమీటర్లు. అది ఒంటికి తగిలితే మచ్చ, కంటికి తగిలితే చూపే పోవచ్చు. ప్రమాదం ఎక్కడ వస్తుందంటే, అద్దం మీద ఆవిరి పట్టినప్పుడు తుడుచుకోవడానికి మాస్కు పైకెత్తే ఆ క్షణంలో. కళ్ళజోడువాళ్ళకు ఈ బాధ రెట్టింపు. అందుకే ఆవిరిని నిలవనీయని రెండు పొరల అద్దం ఉన్నదాన్ని, మీ కళ్ళజోడు పెట్టుకునే సరిచూసి కొనండి. తుపాకీ ఇంకో ఏడాది అద్దెదైనా ఫరవాలేదు.

ఇక రూపం. సైనికుల రైఫిలును పోలిన నల్లటి తుపాకీలు అంగళ్ళలో బోలెడు. వాటిని కొనవద్దనే చెబుతాను. 2014 నవంబరులో క్లీవ్‌లాండ్‌లో తమీర్ రైస్ అనే పన్నెండేళ్ళ నల్లజాతి పిల్లవాణ్ణి పోలీసు కాల్చాడు, మర్నాడు చనిపోయాడు. ఆ పిల్లవాడి దగ్గర ఉన్నది ఎయిర్‌సాఫ్ట్ బొమ్మ తుపాకీ. దూరం నుంచి చూసేవాడికి అది బొమ్మ అని తెలియదు, మన చేతిలో ఉన్నది రంగు చిమ్మేదనీ తెలియదు. మన చర్మపు రంగు మాత్రం తెలుస్తుంది. మనవాళ్ళు ఈ మాట పైకి అనడానికి మొహమాటపడతారు, నేను పడను. నీలమో ఎరుపో రంగున్నది తీసుకోండి. మైదానం దాటేముందు గుళికలూ గాలీ తీసేసి, గొట్టం మూతికి గుడ్డ తొడుగు వేసి, సంచీలో మూసిపెట్టి కారు డిక్కీలో పడేయండి. అపార్టుమెంటు ముందు స్నేహితులకు చూపించడానికి బయటికి తీయవద్దు.

మా మేనల్లుడికి ఈ చివరి మాట నచ్చలేదు. "వేషం కూడా ఆటలో భాగమే కదా మావయ్యా" అంటాడు. వాడు చెప్పేదీ పూర్తిగా కొట్టిపారేయలేను. వాదన ఇంకా తెగలేదు. ప్రస్తుతానికి మాస్కు ఒక్కటి కొన్నాడు.