మందు షెడ్డులో ముప్పు లెక్క ఎవరు వేయాలి?

అనకాపల్లి జిల్లా కోటవురట్ల మండలం కైలాసపట్నంలోని బాణసంచా తయారీ కేంద్రంలో 2025 ఏప్రిల్ 13న జరిగిన పేలుడు ఎనిమిదిమందిని బలిగొంది. ఆరు నెలలు తిరక్కుండానే అక్టోబరు 8న, దీపావళికి పన్నెండు రోజుల ముందు, కోనసీమ జిల్లా రాయవరం మండలంలో మరో కేంద్రం పేలిపోయింది. అక్కడ యజమానితో సహా పలువురు మరణించారు. ప్రమాదం జరిగిన తర్వాత విచారణలు, పరిహారం ప్రకటనలు మామూలే. ముప్పును ముందుగానే లెక్కగట్టడం మాత్రం చిన్న కేంద్రాల్లో ఇంకా అలవాటు కాలేదు.

మూడు ప్రశ్నలు

చిన్న పరిశ్రమల వారికి భద్రతా సదస్సు పెడితే మంటలార్పే పరికరం వాడకం, ఇసుక బకెట్లు, చేతి తొడుగుల గురించి చెప్పి ముగించడం తేలిక. కాని మందు అంటుకున్నాక పరికరం అందుకునే వ్యవధి ఉండదు. అందువల్ల బాణసంచా యజమానులకు ఉపన్యాసం సిద్ధం చేసే అధికారి మూడు ప్రశ్నలతో మొదలుపెట్టడం మేలు. ఒక గదిలో ఒకేసారి ఎంత మందు ఉంటున్నది? ఎంతమంది పనిచేస్తున్నారు? పక్క గది, నిల్వ గది ఎంత దూరంలో ఉన్నాయి? నిప్పురవ్వ పుట్టడానికి కారణాలు అనేకం. పుట్టిన తర్వాత ఎన్ని ప్రాణాలు పోతాయన్నది చాలావరకు ఈ మూడింటిపైనే ఆధారపడి ఉంటుంది.

రవ్వ ఎక్కడ పుడుతుంది?

గంధకం, సూరేకారం, అల్యూమినియం పొడి కలిపేటప్పుడు, కూరేటప్పుడు రాపిడి, దెబ్బ, వేడి ఏది తగిలినా ప్రమాదమే. ఇనుప పనిముట్టు, నేలపై ఒలికిన మందు, నైలాను బట్టల్లో పుట్టే విద్యుత్తు చాలు. అల్యూమినియం పొడికి తడి తగిలితే దానంతటదే వేడెక్కవచ్చు. క్లోరేటుతో గంధకం కలిపితే ఆ మిశ్రమం మరీ సున్నితమవుతుంది. అందుకే కేంద్ర ప్రభుత్వం 1992లోనే దానిని నిషేధించింది.

జాగ్రత్తలకూ ఒక వరుస ఉంది. ప్రమాదకరమైన మిశ్రమాన్ని మానడం మొదటిది. మందును కొద్దికొద్దిగా తెచ్చుకోవడం, కలిపే చోటును, కూరే చోటును, నిల్వను వేరుచేయడం రెండవది. పని నియమాలు, శిక్షణ ఆ తర్వాత. తొడుగులు, కళ్లద్దాలు చివరివి. వరుస తలకిందులైతే ఖర్చు మిగిలినట్లు కనిపిస్తుంది కాని ముప్పు అలాగే ఉంటుంది.

పండుగ ఒత్తిడి

ఏడాది పొడవునా ఒకే లెక్క చెల్లదు. దీపావళి దగ్గరపడేకొద్దీ ఆర్డర్లు పెరుగుతాయి. సరుకు పేరుకుపోతుంది, కొత్త కూలీలు వస్తారు. తయారైన సరుకుకు లెక్కకట్టి కూలి ఇచ్చే చోట తొందర మరింత ఎక్కువ. వేసవిలో వేసిన అంచనా పండుగ నెలలో పనికిరాదు. సీజనుకు ముందు మళ్లీ వేయక తప్పదు.

చట్టం పరిధి

2008 నాటి పేలుడు పదార్థాల నిబంధనల ప్రకారం జిల్లా అధికారులు ఇచ్చే బాణసంచా తయారీ లైసెన్సు ఒకేసారి 15 కిలోలకు మించని సరుకుకే వర్తిస్తుంది. షెడ్డులో ఆ హద్దును రోజూ చూసుకోవలసింది యజమానే. 1948 ఫ్యాక్టరీల చట్టం విద్యుత్తు వాడే చోట పదిమంది, వాడని చోట ఇరవైమంది కార్మికులుంటే వర్తించేది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన వృత్తి భద్రతా స్మృతి ఈ సంఖ్యలను 20కి, 40కి పెంచింది. అపాయకరమైన పనులుంటే తక్కువమంది ఉన్న చోటికీ స్మృతిని వర్తింపజేసే అధికారం ప్రభుత్వానికి ఉన్నది. చిన్న కేంద్రాల విషయంలో ఆ అధికారాన్ని వాడటం అవసరం.

కాగితం గోడమీద ఉండాలి

అంచనా అంటే పెద్ద నివేదిక కానక్కరలేదు. యజమాని, అనుభవమున్న ఇద్దరు కార్మికులు షెడ్డంతా తిరిగి చూసి, ఏ పనిలో ఏ ముప్పు, ఎవరికి, ఏం చేయాలి, ఎవరు ఎప్పటిలోగా చేయాలి అన్నది ఒక్క పేజీలో తెలుగులో రాస్తే చాలు. గదిలో ఉండదగిన మందు ఎన్ని కిలోలో, మనుషులు ఎంతమందో పెద్ద అక్షరాలతో తలుపు పక్కన రాయించాలి. తనిఖీకి వచ్చిన అధికారి ఆ అంకెలను తూకంతో, తలల లెక్కతో సరిచూడాలి.

ఇదంతా అదనపు భారమని యజమానులు భావించవచ్చు. కాని చిన్న కేంద్రంలో యజమాని పనిచేసేది కూడా ఆ షెడ్డులోనే. రాయవరం చేసిన హెచ్చరిక ఇదే.