గుర్తింపు ఎన్నిక దయ కాదు, హక్కు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ఆర్టీసీ డిపోల కార్మికులు శాసనసభకు ఓటు వేస్తారు, మునిసిపాలిటీకి ఓటు వేస్తారు. తమ డ్యూటీలు, సెలవులు, జీతాల గురించి యాజమాన్యంతో మాట్లాడే సంఘాన్ని ఎన్నుకునే ఓటు మాత్రం 2016 జులై తర్వాత ఏళ్ల తరబడి వారికి దక్కలేదు. 2019లో 52 రోజుల సమ్మె ముగిశాక సంఘాల స్థానంలో సంక్షేమ కమిటీలు వచ్చాయి. పొరుగున గోదావరిఖనిలో సింగరేణి కార్మికులు 2023 డిసెంబర్ 27న రహస్య ఓటుతోనే తమ గుర్తింపు సంఘాన్ని ఎన్నుకున్నారు.

ఈ తేడాకు మూలం చట్టంలోని ఖాళీయే. 1926 కార్మిక సంఘాల చట్టం సంఘాన్ని రిజిస్టరు చేసేది గాని, యాజమాన్యం దానిని గుర్తించి తీరాలనలేదు. 1958 నాటి క్రమశిక్షణా నియమావళి గుర్తింపునకు దారి చూపినా, అది చట్టం కాదు. 2025 నవంబర్ 21న అమలులోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల స్మృతి ఈ ఖాళీని కొంత పూరించింది. 51 శాతం కార్మికుల మద్దతు గల సంఘమే సంప్రదింపులు జరుపుతుంది. ఏ సంఘానికీ అంత బలం లేకుంటే, కనీసం 20 శాతం మద్దతు గల సంఘాలతో మండలి ఏర్పడుతుంది. ఆ మద్దతును ఏ విధంగా తేల్చాలన్నది మాత్రం నిబంధనలకు వదిలివేశారు.

ఇందులో ముస్లింలకు ప్రత్యేకించి ఏమున్నది? రంజాన్‌లో ముస్లిం ఉద్యోగులు సాయంత్రం 4 గంటలకే వెళ్లవచ్చని ప్రభుత్వం ఉత్తర్వు ఇస్తుంది. అత్యవసర విధులుంటే వర్తించదన్న షరతూ పెడుతుంది. కార్యాలయంలోని గుమాస్తా లేచి ఇంటికి వెళ్లగలడు. బస్సు నడిపే డ్రైవరు దారిలో దిగిపోలేడు. అతని ఇఫ్తార్ డ్యూటీ చార్టు మీద ఆధారపడి ఉంటుంది. ఆ చార్టు మార్చమని ఒక్కడు అడిగితే విన్నపం, ఎన్నికైన సంఘం అడిగితే చర్చ.

అయితే వేరే సంఘం పెట్టుకోవడం మార్గం కాదు. రాష్ట్ర జనాభాలో సుమారు 12.7 శాతమైన మనం 20 శాతం గీతను ఒంటరిగా దాటలేము. అందరి సంఘంలో, అందరితో కలిసి మన మాట వినిపించాలి. ఓటు రహస్యమైతేనే, ప్రతి ఓటూ అవసరమైన నాయకుడు కొద్దిమంది ఉన్న చోటికీ వస్తాడు. సభ్యత్వ జాబితాలు చూసి మద్దతు లెక్కిస్తే, బలహీనుడు ఎవరి పక్షమో ముందే బయటపడిపోతుంది.

కాబట్టి మేము కోరేది మూడు: రాష్ట్ర నిబంధనలలో రహస్య ఓటు తప్పనిసరి కావాలి, ఆర్టీసీలో ఎన్నికల గడువు ప్రకటించాలి, ప్రభుత్వంలో విలీనం జరిగినా ఈ హక్కు నిలుస్తుందని స్పష్టం చేయాలి. ఇంట్లో ఆర్టీసీ ఉద్యోగి ఉన్న ప్రతి కుటుంబమూ ఈ మాటను తమ ప్రజాప్రతినిధి ముందు ఉంచాలి.